కిటికీ, గది, మూడు యాప్‌లు

ముప్పై ఏళ్లు స్టూడియో నడిపిన మనిషి కాబట్టి వీధిలో చిన్నా పెద్దా ఆయన్ని ఫోటో బాబాయి అనేవారు. స్టూడియో మూతపడ్డా పేరు మాత్రం పోలేదు. ఇప్పుడాయన ఇళ్ల ఏజెంటు దగ్గర, అమ్మకానికొచ్చిన ఇళ్లను ఫోనుతో ఫోటోలు తీస్తున్నాడు. ఈ వయసులో దొరికిన పని అదొక్కటే. అదీ ఊడేలా ఉంది.

"ఏమనుకోకు బాబాయ్. గది కనిపిస్తే కిటికీలో బాంబు పేలినట్టుంది, కిటికీ కనిపిస్తే గది గుహలా ఉంది. కొనేవాడికి రెండూ కనపడాలి. సోమవారంలోగా మంచి యాప్ ఒకటి పట్టుకో, లేకపోతే నేను ఇంకొకణ్ణి పట్టుకోవాలి," అన్నాడు ఏజెంటు.

గదినీ కిటికీనీ కలిపి చూపించే ఈ పద్ధతిని హెచ్‌డీఆర్ అంటారు, అదేం బ్రహ్మవిద్య కాదు. ఫోను వెలుతురు తక్కువగా ఒకటి, ఎక్కువగా ఒకటి, మధ్యస్తంగా ఒకటి వరసగా తీసి, బాగున్న భాగాలు ఏరి ఒకే ఫోటోగా అతుకుతుంది. ఆ మధ్యలో ఏదైనా కదిలిందా, ఇక అక్కడ అతుకు కుదరదు, పొగ పట్టినట్టు మసకబారుతుంది.

బాబాయి మూడు యాప్‌లు దించుకున్నాడు. ఫోను స్టాండుకు బిగించి, కిటికీ పక్క కుర్చీలో భార్యను కూర్చోబెట్టాడు.

"ఖాళీ ఇళ్లు తీసేదానికి మధ్యలో నేనెందుకండీ?"

"మొహం రంగు చూస్తేగానీ యాప్ బండారం బయటపడదు. కదలకుండా కూర్చో!" అని కసిరాడు. ముప్పై ఏళ్లు జనాన్ని గదమాయించిన నోరు మరి! తన ముందు కూర్చున్నవాళ్లు కదలరని ఆయనకు గట్టి నమ్మకం.

మొదటి యాప్ గోడకూ మొహానికీ ఒకే పసుపు పూసింది. పైగా ఆవిడ కుడిచెయ్యి అలుక్కుపోయింది. 'రంగులు అతి, చెయ్యి పాడు' అని పుస్తకంలో రాసుకున్నాడు. రెండోదానిలో గది మసక, చెయ్యి మళ్లీ పాడు.

"వీటిని తయారుచేసినవాళ్లకి చేతులంటే పగేమో!" అని విసుక్కున్నాడు. ఆవిడ నవ్వలేదు.

మూడోది మాత్రం భేషుగ్గా వచ్చింది. కిటికీ అవతలి మేడలు, లోపలి బీరువా, ఆవిడ కుడిచేతి అయిదు వేళ్లూ స్పష్టంగా ఉన్నాయి. వెంటనే ఏజెంటుకు పంపాడు. "అదిరింది బాబాయ్! వచ్చే వారం నాలుగిళ్లు నీవే," అని జవాబొచ్చింది.

పని నిలిచింది. అంతటితో ఊరుకోవచ్చు. కానీ వృత్తిలో పండినవాడు కదా, అది ఎలా కుదిరిందో తెలిస్తేగానీ తోచదు. యాప్‌లోని వివరాలు తెరిచి చదివాడు. కదిలే భాగాన్ని అది అతకదట, వరసగా తీసిన మూడు ఫోటోల్లో ఒక్కదాన్నుంచే తీసుకుంటుందట.

కదిలే భాగం!

మొదటి ఫోటో మళ్లీ తెరిచి పెద్దది చేశాడు. కుర్చీ చేతిమీదున్న ఆవిడ ఎడమచేతి ఉంగరం రాయితో సహా స్పష్టంగా ఉంది. మసకంతా కుడిచేతికే. రెండోదానిలోనూ అంతే. యాప్‌ల తప్పేమీ లేదు.

ఆవిడ ఇంకా కుర్చీలోనే ఉంది. వెళ్లి ఎదురుగా కూర్చున్నాడు.

"నీ కుడిచెయ్యి ఇలా ఇవ్వు."

ఇచ్చింది. ఆయన అరచేతిలో అది సన్నగా వణుకుతూనే ఉంది.

"ఎన్నాళ్లనుంచి?"

"నాలుగు నెలలైంది. మీ పని కాస్త కుదుటపడ్డాక చెబుదామనుకున్నా."

ఆయన ఆ చేతిమీద తన రెండో చెయ్యి కూడా వేశాడు.

"మీరు కదలొద్దన్నారని మోకాలికేసి అదిమిపెట్టాను," అంది ఆవిడ. "అయినా ఆగలేదండీ."