మూడోసారికి ఒప్పుకునే ఫింటన్

ఫింటన్ గెరటీ తన మీద తనే కథలు చెప్పుకుని నవ్వే రకం. రాస్‌కామన్ అనే ఊరి చుట్టుపక్కల పాడి రైతుల ఇళ్లకు తిరిగి పాలు పితికే యంత్రాలు బాగుచేస్తాడు. అతనికి ప్రతి ఇంటి వంటగదీ తెలుసు, ప్రతి వంటగదికీ అతని జబ్బు తెలుసు. టీ తాగుతావా అంటే వద్దంటాడు. కొంచెం తాగు అంటే ఇప్పుడే తాగొచ్చానంటాడు. మూడోసారి అడిగితే, మీరింతగా అంటున్నారు కాబట్టి అని కూర్చుని కెటిల్ ఖాళీ చేస్తాడు. ఆ ఊళ్లలో అందరూ అంతేననుకోండి. మిగతావాళ్లకి అది మర్యాద, ఇతనికి మాత్రం ఒంట్లో జీర్ణించుకుపోయింది. అడగ్గానే చెయ్యి చాచేది ఇంట్లో తిండి లేనివాళ్లని చిన్నప్పుడు వాళ్లమ్మ చెప్పింది. ఒక్కడే కొడుకు కాబట్టి ఆ పాఠమంతా అతని మీదే పడింది.

అతనితో కొన్నేళ్లుగా స్నేహంగా ఉన్న నోరీన్ పెంపకం వేరు. తొమ్మిదిమంది పిల్లలున్న ఇల్లు. ఆ భోజనాల బల్ల దగ్గర వద్దు అనే మాట పూర్తయ్యేలోపు పళ్లెంలోని బంగాళాదుంప పక్కవాడి నోట్లో ఉండేది. అందుకని ఎవరేం పెడతామన్నా ఆవిడ ముందే తల ఊపేస్తుంది.

లీపు సంవత్సరంలో ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన ఆడపిల్లే పెళ్లిమాట ఎత్తొచ్చని అక్కడో ఆనవాయితీ. ఏళ్ల తరబడి ఫింటన్ నోరు పెగలకపోవడంతో నోరీన్ ఆ రోజు కోసం కాచుకుంది. అతని వ్యాన్‌లో కూర్చుని, "మనం పెళ్లి చేసుకుందామా?" అని అడిగింది.

"ఎందుకులే, నీకు శ్రమ," అన్నాడు ఫింటన్. మెదడుకి కబురు అందేలోపు నోరు ఆ పని కానిచ్చేసింది.

నోరీన్ పళ్లు బిగించి మళ్లీ అడిగింది. "ఇప్పుడు బాగానే ఉన్నాంగా," అన్నాడు. ఆవిడ తలుపు తీసి ఒక కాలు కింద పెట్టింది. "ఇంక అడగను. చేసుకుంటావా, చేసుకోవా?"

"నీకు ఇబ్బంది లేకపోతే, సరే."

ఈ కథ ఫింటనే పబ్‌లో పదిమందికీ చెప్పి నవ్వించాడు. జూన్‌లో పెళ్లి విందు రోజు తోడుపెళ్లికొడుకు లేచి మళ్లీ చెబితే హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. నోరీన్ పెదవులు మాత్రమే నవ్వాయి. అది చూసి కూడా ఫింటన్ చూడనట్టే ఊరుకున్నాడు.

హనీమూన్‌కి అదే వ్యాన్‌లో పడమటి తీరానికి బయలుదేరారు. రబ్బరు గొట్టాల వాసన, పులిసిన పాల వాసన ఉచితం. మొదటి మజిలీలో బస ఇచ్చిన ఆవిడ హాలండ్ నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. పొద్దున్నే, "గుడ్లు, సాసేజ్‌లు పెట్టనా?" అంది. "వద్దులెండి," అన్నాడు ఫింటన్. ఆవిడ వద్దంటే వద్దనే అనుకుని అతని పళ్లెం తీసుకుపోయింది. అతను తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు. నోరీన్ తన పళ్లెం తుడిచినట్టు తినేసి, "మూడోసారి రాదట, పద," అంది.

మధ్యాహ్నం మేయో ప్రాంతపు బురదనేలల మధ్య సన్నటి రోడ్డు మీద పోతుంటే ఎదురుగా ఒక ట్రాక్టర్ వచ్చింది. ఎదురొచ్చిన బండికి పలకరింపుగా స్టీరింగ్ మీంచి వేలెత్తకపోతే అక్కడ పాపం. తెలియని మనిషే అయినా, హనీమూన్ హుషారులో ఫింటన్ ఏకంగా చెయ్యే ఎత్తాడు. వ్యాన్ ఒక పక్క చక్రాలు మెత్తగా గుంటలోకి దిగిపోయాయి.

ట్రాక్టర్ ఆగింది. "లాగి పెట్టమంటారా?" అన్నాడు రైతు.

"వద్దులెండి, మీ పని పాడవుతుంది."

"నిజంగానా?"

"ఏం ఫర్వాలేదు, మేం చూసుకుంటాం."

రైతు ఆకాశం వంక చూశాడు. మబ్బు పట్టింది, అతని ఎండుగడ్డి ఇంకా పొలంలోనే ఉంది. "సరే అయితే," అని వెళ్లిపోయాడు. మూడో ప్రశ్న కోసం తెరిచిపెట్టుకున్న నోరుతో ఫింటన్ రోడ్డు మీద నిలబడిపోయాడు. ఇంత గొప్ప వెధవాయి ఈ దేశం మొత్తంలో ఇంకొకడు ఉండడని అతనికి అనిపించింది. ఆ మాట చెబితే నోరీన్ నవ్వుతుందని వెనక్కి తిరిగాడు. ఆవిడ నవ్వలేదు.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు," అంది. "ఆ రోజు వ్యాన్‌లో నువ్వు సరే అన్నది ఇష్టమయ్యా, నేనంతగా అడిగానని మొహమాటపడా?"

"అదేం ప్రశ్న, నోరీన్?"

"టీకి ఎలా ఒప్పుకుంటావో నాకూ అలాగే ఒప్పుకున్నావు. టీ నీకిష్టమో కాదో ఇప్పటికీ ఎవరికీ తెలీదు."

ఫింటన్ వంగి గుంటలోని చక్రాల వంక చూశాడు. ఈలోపు వాన మొదలైంది, ఇద్దరూ దూరంగా కనిపిస్తున్న పొగగొట్టం వైపు నడిచారు.

తలుపు తీసిన ముసలావిడ పేరు సబీనా. "అయ్యో తడిసి ముద్దయ్యారే, లోపలికి రండి," అంది. పొయ్యి దగ్గర కుర్చీలు వేసి, "టీ తాగుతారా, బాబూ?" అంది.

నోరీన్ పొయ్యి వంకే చూస్తోంది. ఫింటన్ కళ్లు మూసుకుని, "తాగుతాం," అన్నాడు.

సబీనా ఆగింది. "గుడ్లు ఉడకబెట్టనా?"

"పెట్టండి."

ముసలావిడ ఎర్రబడ్డ మొహంతో అల్మారా తెరిచి మూసింది. "నాయనా, ఒకటే గుడ్డు ఉంది. పాలు అయిపోయాయి. మొదటిసారి అడిగితే ఒప్పుకుంటావని నేనేమైనా కలగన్నానా? నువ్వు వద్దంటావు, నేను బతిమాలతాను, ఈలోపు పక్కింటికి వెళ్లి తెద్దామనుకున్నా."

ఫింటన్ చెవులు కాలిపోయాయి. వాళ్లమ్మ సమాధిలో సిగ్గుతో అటు తిరిగి పడుకుని ఉంటుంది. అప్పుడు పక్కనుంచి కిసుక్కుమని వినబడింది. నోరీన్ మోచేతిలో మొహం దాచుకుని నవ్వుతోంది.

ఆ నవ్వు చూసేసరికి అతనికి ధైర్యం వచ్చింది. "ఆ రోజు రెండోసారి వద్దన్నాక నువ్వు కాలు కింద పెట్టావు చూడు, నా ప్రాణం పోయింది," అన్నాడు. "నిన్ను చేసుకోవాలని నాలుగేళ్లుగా ఉంది నాకు. అడగడానికే చేతకాలేదు. మళ్లీ అడుగు."

"పెళ్లయిపోయింది కదయ్యా."

"అయినా అడుగు."

"నన్ను పెళ్లి..."

"చేసుకుంటా."

"పిల్లని పూర్తిగా అడగనివ్వు నాయనా," అంది సబీనా.

ఉడికిన గుడ్డు తెచ్చి ఆవిడ ఫింటన్ ముందు పెట్టింది. అతను దాన్ని నోరీన్ వైపు జరిపాడు. "మరి నువ్వు? నాతో ఉంటావా?"

పుట్టి బుద్ధెరిగాక దేనికీ వద్దనని నోరీన్ గుడ్డు వంక చూసింది, అతని వంక చూసింది. "ఎందుకులే," అంది, "నీకు శ్రమ."

ఆవిడ కళ్లలో నవ్వు ఉంది. అయినా ఫింటన్‌కి భయమేసింది. అడిగేవాళ్ల కుర్చీ ఇలా ఉంటుందని అతనికి ఇన్నాళ్లూ తెలియదు. నోరీన్ ఇందులో ఎంతసేపు కూర్చుందో తలుచుకుంటే సిగ్గేసింది. రెండోసారి అడిగాడు. ఆవిడ గుడ్డు పెంకు తీరిగ్గా ఒలుస్తూ తల అడ్డంగా ఊపింది. మూడోసారి అడిగాడు.

ఈ కథ కూడా ఫింటన్ పబ్‌లో చెబుతాడు. గుంట, గుడ్డు, సబీనా ఎర్రబడ్డ మొహం, అన్నీ చెప్పి నవ్విస్తాడు. మూడోసారి అడిగినప్పుడు తన గొంతు వణికిన సంగతి మాత్రం చెప్పడు.