ఉప్పునీళ్ళ తొండలకు కొసరు వడ్డన

తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందంటారు. నా తొండలు ముదిరి నా ఎమ్మెస్సీ పట్టానే మింగబోయాయి. ఎంత చక్కగా మునిగానో వినండి.

మొన్నమొన్నటి సంగతే. అమలాపురంలో జువాలజీ చదువుతున్నాను. ఎదుగుదల హార్మోను తొండ పిల్లల మీద ఎలా పనిచేస్తుందో చూడటం నా ప్రాజెక్టు. రెండు గాజుపెట్టెలు. ఒకదానిలోని పిల్లలకు హార్మోను సూది, రెండోదానిలోని వాటికి పోలిక కోసం ఉత్త ఉప్పునీళ్ళ సూది. మేత చెదపురుగులు.

"రెండు పెట్టెలకీ మేత ఒకే కొలతమ్మా, మర్చిపోకు" అన్నారు మా మేడంగారు.

"ఆయ్" అన్నాను.

అన్నానే గానీ, నేను మా నాయనమ్మ చేతిలో పెరిగినదాన్ని. బంతిలో ఒకరికి నెయ్యి వేసి పక్కవారికి మానేస్తే నరకమేనని ఆవిడ సిద్ధాంతం. అటు ఖరీదైన మందూ, ఇటు ఉప్పునీళ్ళూనా! నా మనసొప్పలేదు. ఉప్పునీళ్ళ పిల్లలకు రోజూ చాటుగా కొసరి కొసరి వడ్డించాను.

పరీక్షనాటికి హార్మోను తొండలు ఎండు మెత్తళ్ళ చేపల్లా ఉన్నాయి. ఉప్పునీళ్ళవేమో మగపెళ్ళివారిలా బొజ్జలేసుకుని కూర్చున్నాయి. మేడంగారి ముఖం పాలిపోయింది.

"పెట్టెలు మార్చేసేవా ఏమ్మా?"

"లేదండీ."

బయటినుంచి వచ్చిన ఎగ్జామినరుగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "మరి ఉప్పునీళ్ళకి ఇంత ఒళ్ళెలా వచ్చిందమ్మా?"

ఇక ఫెయిలేనని ఏడుపొచ్చేసింది. "పాపం వాటికి మందు లేదు కదండీ... మేత కాస్త ఎక్కువేసేనండి."

ఆయన నవ్వలేదు. "హార్మోను పిల్లలు మేత మిగిల్చేవా?"

"అబ్బే! అంతా తినేసి, ఇంకా నోళ్ళు తెరుచుకుని నాకేసే చూసేవండీ."

"అదీ సంగతి! మందు వాటికి ఆకలి పెంచింది. నువ్వు కూడు పెంచలేదు. కూడు లేకపోతే మందొక్కటీ ఒళ్ళు పెంచదని తేల్చేవు. మేడంగారూ, తప్పే గానీ, భలే తప్పండీ ఇది!"

జరిగింది జరిగినట్టు రాయమన్నారు. రాశాను. ఆ ఏడు ప్రాజెక్టుల్లో ఫస్టు నేనే, చిత్తగించండి!

మార్కులు వేసేశాక ఆయన్ను మా ఇంటికి భోజనానికి తీసుకెళ్ళాను. నాయనమ్మ పూర్ణంబూరెల పళ్ళెంతో కాచుకుని ఉంది.

"చాలండీ, ఇంక వద్దండీ."

"ఆయ్, ఒక్కటేనండీ" అంటూ నాలుగు వేసేసింది.

ఆయన బెల్టు సడలించుకుంటూ నాకేసి దీనంగా చూశారు. "అమ్మా, నన్ను ఏ పెట్టెలో వేసేరు?"

గోదారి సాక్షిగా అప్పుడే ఒట్టేసుకున్నాను. ఈ జన్మలో తొండలకు కొసరి వడ్డించను. మనుషులకంటారా, అది మా నాయనమ్మ శాఖ.