సగం రోడ్డు

వానాకాలం కోతలు మొదలయ్యాయంటే బాన్సువాడ నుంచి మా బడికి స్కూటీ మీద వెళ్లడం సర్కస్ చేసినట్టే. రోడ్డులో సగం మేర వడ్లు ఆరబోసి ఉంటాయి. వాటి మీదికి బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేరుస్తారు. మిగిలిన సగంలోనే ట్రాక్టర్లు, ఆటోలు, తండా నుంచి నడిచి వచ్చే మా పిల్లలు. తేమ తగ్గకపోతే కొనుగోలు కేంద్రంలో వడ్లు తీసుకోరు, ఆరబోయడానికి ఊళ్లో కల్లాలు లేవు. రైతు మాత్రం ఎక్కడికి పోతాడు? ఇదంతా నాకు తెలుసు. తెలిసినా పొద్దున్నే ఆ రాళ్లు కనపడితే ఒళ్లు మండేది.

ఆ కోతల్లోనే మూడో తరగతి పాప ఒకతి బడికి రావడం మానేసింది. ఏమైందోనని తండాకు వెళ్లాను. వడ్లను తప్పుకుని నడుస్తుంటే వెనక నుంచి మోటార్‌సైకిల్ తగిలి పడిపోయిందట, మోచేయి చెక్కుకుపోయింది.

"గీ వడ్లు లేసేదాక పంపను టీచర్. సదువు కన్న పానం ముఖ్యం గద" అన్నాడు వాళ్ల నాన్న. ఆయన వడ్లూ ఆ రోడ్డు మీదే ఉన్నాయి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. పాప తలుపు పక్కన నిలబడి మా మాటలు వింటోంది.

అప్పుడే గ్రామసభ ఉందని తెలిసింది. పిల్లల్ని తీసుకొస్తాను, వాళ్ల మాట కూడా వినండి అని సర్పంచ్‌ను అడిగాను. "తీస్కరాండ్రి టీచర్, ఫొటో మంచిగొస్తది" అన్నాడు. ఫొటోకట! చూద్దాం, ఫొటోయే వస్తుందో ఇంకేమైనా వస్తుందో అనుకున్నాను.

పిల్లలకు ఉపన్యాసాలు బట్టీ పట్టించదలచుకోలేదు. ఏం చేస్తే బాగుంటుందో మీరే చెప్పండర్రా అన్నాను. "రాళ్లన్ని కాల్వల పారేద్దం!" అని అరిచారు. "పారేద్దాం సరే. మరి మీ నాన్నలు వడ్లు ఎక్కడ పోసుకోవాలి?" అన్నాను. కాసేపు గుసగుసలు, చిన్నపాటి కొట్లాట. చివరికి ఒకడు లేచి, "మన గ్రౌండ్ల పోసుకుంటరు టీచర్" అన్నాడు. మరి మీ ఖోఖో? "వడ్లు ఎత్తినంక ఆడుకుంటం." వాళ్లకున్నదే ఆ ఒక్క జాగా. దాన్నీ ఇచ్చేస్తామంటున్నారు. బడిలో వడ్లేమిటని పైవాళ్లు అడిగితే నేను చెప్పుకుంటానులే అనుకున్నాను.

గ్రామసభలో పిల్లలు ముందు వరసలో కూర్చున్నారు. పాప కూడా వాళ్ల నాన్నతో వచ్చి, తోటి పిల్లల మధ్య ఇరుక్కుంది. రోడ్డు మాకు వదలండి, గ్రౌండ్ మీరు తీసుకోండి అని పిల్లలు చెప్పారు. వెనక నుంచి సణుగుడు మొదలైంది. "మల్ల ట్రాక్టర్ కిరాయి ఎవ్వలిస్తరు?" "గాడ కావలెవ్వలుంటరు?" వాళ్ల బాధా అబద్ధం కాదు. సరే అన్నవాళ్లు చేతులెత్తండి అన్నాడు సర్పంచ్. పిల్లలందరూ ఎత్తారు. పెద్దవాళ్ల చేతులు అక్కడొకటి ఇక్కడొకటి లేచాయి. పాప వాళ్ల నాన్న తల వంచుకుని కూర్చున్నాడు.

పంచాయతీ సెక్రెటరీ లెక్కపెట్టబోయి ఆగాడు. "పిల్లలు చేతులు దించుండ్రి. మీయి లెక్కల రావు."

ఒక్కొక్కరే దించారు. పాప దించలేదు. మోచేతి మీద పుండు ఇంకా ఎండలేదు.

"మరి మమ్ముల ఎందుకు పిలిచిండ్రు సార్?" అంది.

సెక్రెటరీ నా వైపు చూశాడు. నన్నేం చూస్తావయ్యా, జవాబు నువ్వు చెప్పు అన్నట్టు నేనూ చూశాను. పాప మాత్రం చేయి నెమ్మదిగా ఒళ్లోకి దించుకుంది.

అప్పుడు వాళ్ల నాన్న లేచాడు. అందరినీ దాటుకుంటూ వచ్చి, పిల్లల వరసలో బిడ్డ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని చేయి ఎత్తాడు.

"నా బిడ్డ చెయ్యి లెక్కల రాకుంటే నా చెయ్యి రాస్కోండ్రి సారు. రేపు ముందుగాల్ల నా వడ్లే ఎత్తుత. బిడ్డ బడికి పోవాలె."

తండా వాళ్ల చేతులు ఒకటొకటిగా లేచాయి. తర్వాత ఊరివాళ్లవి. సెక్రెటరీ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పాప, నాన్న ముఖంలోకి ఒకసారి చూసి, తన చేయి మళ్లీ ఎత్తింది. ఈసారి దించమని ఎవరూ అనలేదు.