చెయ్యి దూరని కారు

మొదటి కారు పాతదే అయినా దాని మీద నాకు ఎన్నడూ కోపం రాలేదు. బానెట్ రెండు పక్కలా రెక్కల్లా లేచేది. ఇంజనులో ఏ సామానైనా చేతికి అందేది. పెట్రోల్లో చెత్త అడ్డం పడితే దారిలోనే పెట్రోలు వడగట్టే గాజు గిన్నె విప్పి, తుడిచి, బిగించుకునేవాణ్ణి. చేవెళ్లలో మా కిరాణా దుకాణానికి పట్నం సరుకంతా అందులోనే వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు దాన్ని అమ్మేసి కొత్త మోడల్ కొన్నాను. ఉబ్బెత్తు మడ్‌గార్డులు, ముందు నుంచి నోరు తెరిచే బానెట్. చూసి మురిసిపోయాను.

ఒక పొద్దున నా భార్యకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చెప్పగానే ఆమెనూ మా అవ్వనూ ఎక్కించుకొని పట్నం దవాఖానకు బయలుదేరాను. మొయినాబాదు దాటగానే ఇంజను దగ్గి ఆగిపోయింది.

మళ్లీ చెత్తే. గిన్నె కనిపిస్తూనే ఉంది, కానీ ఇంజనుకూ మడ్‌గార్డుకూ మధ్య, లోతులో. చెయ్యి దూరలేదు. కింది నుంచి చూస్తే మడ్‌గార్డు లోపలి రేకు అడ్డం. రేకు తీయాలని చక్రం విప్పాను. రేకు బోల్టులు పాన తిరగని మూలల్లో ఉన్నాయి.

"ఏమైంది కొడుకా, ఇంకెంతసేపు?" అని అవ్వ అరిచింది.

"చెయ్యి పోతలేదే అవ్వా! ఎవడు చేసిండో గాని, గిట్ల చేస్తరా?"

"పిల్ల నొప్పులకు అల్లాడుతున్నది. పలగ్గొట్టు!"

సుత్తీ ఉలీ తీసి రేకును చీల్చాను. ముంజేయి కోసుకుపోయింది. గిన్నె తుడవడం క్షణాల పని. దాన్ని అందుకునేసరికే పొద్దు నడినెత్తికి వచ్చింది.

నా భార్య బతికింది. బిడ్డ దక్కలేదు. జర ముందు తెస్తే బాగుండేదని డాక్టరమ్మ అన్నది.

నాకు ఆ కారు అమ్మిన దుకాణంలో గుమాస్తా చిరిగిన రేకు చూసి మొహం చిట్లించాడు.

"గిదేంది సేఠ్? రిపేరుంటే మా మిస్త్రీకి చెప్పాలె. మీరెందుకు చెయ్యి పెట్టిన్రు?"

"పెట్టనిస్తే గద! మొయినాబాదు తొవ్వల నీ మిస్త్రీ ఏడున్నడు? బయట గింత సోకు చేసినోడు, లోపట ఒక్కసారన్న తన చెయ్యి పెట్టి చూసిండా?"

"కొత్త రేకు ఏస్తం. అంత ఫికర్ ఎందుకు?"

"ఏసినవంటే చూడు" అని కారు తీసుకొని వచ్చేశాను. చేవెళ్లలో చెయ్యి దూరేలా ఆ చిరుగును ఇంకా పెద్దగా కోసి, అంచులు మడిచి, అట్లాగే వదిలేశాను. వానాకాలం బురదంతా ఇంజను మీదికి చిమ్మేది. తిట్టుకుంటూ కడిగేవాణ్ణి.

నా భార్య మళ్లీ ఆ కారెక్కలేదు. పుట్టింటికి పోవాలన్నా ఎడ్లబండి కట్టమనేది. నేనే కట్టేవాణ్ణి.