నడిసముద్రంలో మా తమ్ముడి ప్రధానం

మొన్న నడిసముద్రంలో నా పరువు ఎలా పోయిందో చెప్తాను గానీ, ముందు ఆ చాయ్ కప్పులు కింద పెట్టండి. నవ్వితే పొలమారుతుంది. అప్పుడు నర్సువి కదా చూడు అంటారు, నాకివాళ ఆఫ్!

ముందే చెప్పేస్తున్నా, తప్పు ఓడది కాదు. శాటిలైటుది కాదు. ఎస్తేరుది అసలే కాదు. అయినా ముగ్గుర్నీ వరసపెట్టి తిట్టేశాను.

ఎస్తేరంటే నా రూమ్మేటండీ. తెనాలి పిల్ల. ఇక్కడ జెద్దాలో మా హాస్పిటల్లోనే పిల్లల వార్డులో చేస్తుంది, నేను ఐసీయూ. ఈ ఎర్రసముద్రాన్ని కిటికీలోంచి చూడ్డమే గానీ దాని మీదకి ఒక్కసారైనా వెళ్ళలేదని ఇద్దరికీ ఎప్పట్నుంచో బాధ. జెద్దాలో ఎక్కించుకుని, తిప్పి, మళ్ళీ జెద్దాలోనే దింపే క్రూజు ఒకటి దొరికింది. డ్యూటీ చార్టులో ఇద్దరికీ ఒకేసారి సెలవు పడటమంటే మాటలా! హెడ్ నర్సు మనసు మార్చుకునేలోపు బుక్ చేసేశాం.

అదిగో, సరిగ్గా అప్పుడు ఇంటి నుంచి అమ్మ ఫోను. మా తమ్ముడు శామ్యూల్‌కి సంబంధం కుదిరింది, ప్రధానం పెట్టేశారట. మా వైపు ప్రధానమంటే పాస్టరుగారు ప్రార్థన చేసి ఉంగరాలు మార్పించే నిశ్చితార్థం. ఎప్పుడమ్మా అన్నాను. చెప్పింది. చూసుకుంటే నేను ఓడలో ఉండే రోజే!

"మార్చమ్మా" అన్నాను.

"పాస్టరుగారు మళ్ళీ దొరకరే. వంటలకి కూడా చెప్పేశాం. అయినా నువ్వెలాగూ ఫోన్లోనేగా వచ్చేది? జెద్దా అయితే ఏంటి, ఓడ అయితే ఏంటి?"

నిజమే. ఇంటికెళ్ళే సెలవంతా పెళ్ళికని దాచాను, ఊరెళ్ళి రావడానికిచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా అడిగినప్పుడల్లా కొట్టివ్వరు కదా. సరేలే అన్నాను. అప్పుడు అమ్మ ఒక మాటంది. "నాన్న లేరు. వాణ్ణి చదివించింది నువ్వు. నువ్వు కనబడి, నీ నోటితో ప్రార్థన చేస్తేనే ఉంగరాలు. అందాకా అవి నా పర్సులోంచి బయటికి రావు."

మా చెల్లి పెళ్ళప్పుడు ఏమైందో మీకు చెప్పానా? నేనిక్కడ ఫోన్ పట్టుకుని కూర్చుంటే, తాళి కట్టే టైముకి బొమ్మ వెళ్ళి షామియానా గుంజ మీద ఆగిపోయింది. సొంత చెల్లి పెళ్ళంతా ఆ గుంజనే చూశాను. ఎన్నేళ్ళైనా ఆ గుంజ కళ్ళముందు నుంచి పోదు. అందుకే ఈసారి మా తమ్ముడి వేలికి ఉంగరం ఎక్కడం నా కళ్ళతో చూడాల్సిందే, సముద్రం అడ్డమొచ్చినా సరే అని ఒట్టేసుకున్నాను.

ఇక చూస్కోండి నా తిప్పలు. మన సిమ్ముకే రోమింగ్ వేసుకుంటే పోలేదా అంది ఎస్తేరు. నేనూ అదే అనుకుని కస్టమర్ కేర్‌కి కొట్టాను. అవతల ఎవరో పాకిస్తానీ భాయ్. "సిస్టర్, రోమింగ్ ముల్క్ కే లియే హై, సమందర్ కే లియే నహీ" అన్నాడు. దేశాలకైతే రోమింగ్ ఉందట, సముద్రానికి లేదట! నడిమధ్యలో టవర్లుండవు కాబట్టి ఓడకి దాని నెట్‌వర్క్ దానికే ఉంటుంది. మనకి తెలీకుండా ఫోన్ దాన్ని పట్టుకుందా, ఆ బిల్లు కట్టడానికి ఓడ దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా తిన్నగా డ్యూటీకే. ట్రావెల్ సిమ్ములు చూశాను. అవి ఒడ్డున పనిచేస్తాయి, నీళ్ళలో చెయ్యవు. చివరికి మిగిలింది ఓడ వైఫై. అందులో మూడు రకాలు. ఒకదాంట్లో మెసేజులే వెళ్తాయి. ఇంకోదాంట్లో ఫొటోలూ గట్రా పెట్టుకోవచ్చు, కాల్స్ గురించి గ్యారంటీ లేదు. మూడోది వీడియో కాల్స్‌తో సహా అన్నీ, కానీ ఒక్క ఫోనుకే. దాని ఖరీదు మాత్రం అడక్కండి.

"అక్కా, మధ్యది తీసుకుందాం. కాల్ కూడా ఎలాగోలా వెళ్తుందేమో" అంది ఎస్తేరు.

"ఏమో అనే మాట ఐసీయూలో ఉండదే!" అని మూడోదే కొట్టేశాను.

ఓడ కదలగానే నా ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాను. నమ్మకం చాల్లేదు. జడపిన్నుతో సిమ్ము కూడా పీకి పౌడరు డబ్బాలో దాచాను. తర్వాత ఫోన్ పట్టుకుని ఓడంతా సర్వే. మా క్యాబిన్లో సిగ్నల్ నీరసం. స్విమ్మింగ్ పూల్ దగ్గర సిగ్నల్ ఉంది, పాటల హోరు. ఆఖరికి బఫే హాలు చివర, కిటికీ పక్కన ఒక సోఫా దొరికింది. ఫుల్ సిగ్నల్, చల్లని ఏసీ, వెనకాల నీలంగా సముద్రం. ఎర్రబస్సులో కర్చీఫ్ వేసినట్టు చున్నీ వేసేశాను. జనం బయట డాల్ఫిన్లు, డాల్ఫిన్లు అని పరిగెడుతున్నారు. నేను లేస్తేనా!

"అక్కా, ఆ వైఫై ఒక్కసారి నా ఫోన్లో పెట్టుకుంటా, ఒక్క రీలు" అని ఎస్తేరు గడ్డం పట్టుకుంది.

"నీ రీలు సముద్రంలో కలవా! నువ్వెక్కితే నేను దిగిపోతాను, ఒక్క ఫోనుకే అది. ప్రధానం అయ్యేదాకా ముట్టుకున్నావంటే చూడు!"

పాపం, మూతి ముడుచుకుని బఫే వైపు వెళ్ళిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. మాకు ఐసీయూలో ఒక అలవాటుంటుంది. అత్యవసరానికి వాడే బండి, మిషన్లు, అన్నీ పనిచేస్తున్నాయో లేదో షిఫ్టు షిఫ్టుకీ చూసుకోవాలి. పనిచేస్తున్నా చూడాలి. నిన్న చేసిందంటే ఇవాళ చేస్తుందని నమ్మకూడదు. ఆ అలవాటు ప్రకారం ప్రధానం రోజు పొద్దున్నే లేచి శామ్యూల్‌కి ట్రయల్ కాల్ వేశాను. అద్దంలా కనబడ్డాడు.

"బాగుందక్కా, పెట్టెయ్యనా?"

"అప్పుడే ఎక్కడికిరా! హాలు చూపించు."

చర్చి పక్క హాలు చూపించాడు. వెలుతురు కోసం ఇంకో ట్రయల్. ఫోన్ కుర్చీలో పెడితే నాకు అందరి మోకాళ్ళే కనబడుతున్నాయి, ఎత్తు కోసం ఇంకో ట్రయల్. స్టూలు మీద ఇత్తడి బిందె బోర్లించి దానికి ఫోన్ ఆనించాడు, జారుతుందేమోనని అలాగే ఆన్‌లో ఉంచి చాలాసేపు చూశాను. జారలేదు. సరే ఎలాగూ ఆన్‌లో ఉంది కదా అని వంటల దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. బిర్యానీకి దమ్ము పెట్టే ముందు ఉప్పు చూడమని ఎర్రసముద్రం మీంచి వంటమాస్టారికి చెప్పాను. ఆయన ఫోన్ వంక చూసి "ఆయ్, చూశానండీ, అక్కడి నుంచి మీరూ చూస్తారా?" అన్నాడు. పెద్దమ్మ చీర చూపించింది. మేనత్త గాజులు చూపించింది. ఎవరు ఖాళీగా కనబడితే వాళ్ళతో సౌండ్ టెస్టు.

మధ్యలో శామ్యూల్ అన్నాడు కూడా, "అక్కా, ఇందాకట్నుంచి ఈ ఫోన్ కంపెనీ వాళ్ళ మెసేజులు ఒకటే వస్తున్నాయే."

"వాళ్ళకేం పని, రోజూ రీచార్జి రీచార్జి అని గోల. చదవకు, కొట్టేయ్. నువ్వు ఫోన్ కొంచెం ఎడమకి తిప్పు."

తిప్పాడు. బంగారు కొండ, చిన్నప్పట్నుంచీ నా మాట కాదనడు.

టైమైంది. పట్టుచీర కట్టుకుని సోఫాలో కూర్చున్నాను. నా పక్కన ఒక సౌదీ పెద్దావిడ చేరింది. నల్లటి అబాయా, చేతిలో ఖర్జూరాల డబ్బా, మనవలు ఎటో ఆడుకోడానికి పోయినట్టున్నారు. కాల్ కలిసింది. కుర్చీల్లో శామ్యూల్, పక్కన పెళ్ళికూతురు జ్యోతి. ఆ పిల్లని ఫొటోలో చూడ్డమే గానీ మాట్లాడింది లేదు. పాస్టరుగారు బైబిలు తెరిచి, నోరు తెరిచారు.

అంతే. అలాగే ఉండిపోయారు!

పాస్టరుగారి నోరు తెరుచుకునే ఉంది. శామ్యూల్ కళ్ళు సగం మూసుకుపోయి ఉన్నాయి. ఒక మూల నుంచి మేనత్త గాజుల చెయ్యి. సౌండ్ లేదు. చక్రం గిరగిరా తిరుగుతోంది. మళ్ళీ అదే షామియానా గుంజ!

లేచాను. ముందు దొరికింది ఎస్తేరు, కునాఫా స్వీటు ప్లేటుతో. "నా వైఫై ఎక్కావు కదూ!" అన్నాను. "లేదక్కా, ప్రభువు తోడు!" అంది, కళ్ళనిండా నీళ్ళు. ఆగానా? తిన్నగా ఓడ హెల్ప్ డెస్కుకి పరిగెత్తాను. పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, పాస్టరుగారు ఇంకో చేత్తో. "దిస్ ఈజ్ యువర్ ప్రీమియం?" అని బల్ల గుద్దాను. శాటిలైటుని తిట్టాను, కంపెనీని తిట్టాను, ఓడ కట్టినవాణ్ణి కూడా వదల్లేదు. ఆ అబ్బాయి నెమ్మదిగా నా ఫోన్ తీసుకుని చూసి, వేరే వీడియో ఒకటి పెట్టాడు. ఎక్కడా ఆగకుండా గలగలా ఆడేస్తోంది. "మేమ్, యువర్ సైడ్ ఈజ్ పర్‌ఫెక్ట్" అన్నాడు. నా సైడు పర్‌ఫెక్టయితే మరి ఆ పాస్టరుగారి నోరేంటయ్యా!

తిరిగొచ్చి సోఫాలో కూలబడ్డాను. నిజంగా ఏడుపొచ్చేసింది. ఆ పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని ఏంటని అడిగింది. నాకొచ్చిన అరబ్బీ అంతా పేషెంట్లది. నొప్పెక్కడ, మందేసుకున్నారా, ఊపిరి పీల్చండి, అంతే. దాంతోనే ఏదో చెప్పి, వేలికి ఉంగరం పెట్టినట్టు చూపించి, "అఖూయా, అఖూయా" అన్నాను, మా తమ్ముడు అని. ఆవిడకి అర్థమైంది. రెండు చేతులూ పైకెత్తి నా ఫోన్ కోసం దువా మొదలెట్టింది. ఎస్తేరు అలిగే వచ్చి, అలకతోనే నా ఇంకో పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంది.

ఉన్నట్టుండి ఫోన్లో ఒక మొహం! తెరంతా నిండిపోయేలా జ్యోతి మొహం. వంగి ఫోన్‌తో ఏదో చేస్తోంది. నన్ను చూసింది. పెదాల మీద వేలు పెట్టి, ష్, అని ఒక్క నవ్వు నవ్వి, చటుక్కున వెళ్ళి కుర్చీలో కూర్చుని కళ్ళు మూసేసుకుంది. వెనకాల హాలంతా కళ్ళు మూసుకునే ఉంది. పాస్టరుగారి గొంతు వినబడింది: "...నడిసముద్రమందున్న మా సహోదరి ఫోనుకు, ఆ ఓడ మీద సిగ్నలును అనుగ్రహించమని వేడుకొనుచున్నాము, ఆమేన్!"

అందరూ కళ్ళు తెరిచారు. చూస్తే నేను! ఓడ, సముద్రం, పట్టుచీర, నేను!

"దేవునికి స్తోత్రం!" అని హాలు దద్దరిల్లిపోయింది. మేనత్త ఏడ్చేసింది. అమ్మ పర్సు తీసింది. నేను వారంపాటు బట్టీపట్టిన ప్రార్థన ఒక్క ముక్క గుర్తొస్తే ఒట్టు. "ప్రభువా, వీళ్ళిద్దర్నీ చల్లగా చూడు" అన్నాను, అంతే. మా తమ్ముడి వేలికి ఉంగరం ఎక్కింది. చూశానండీ! ఈ రెండు కళ్ళతో చూశాను, వాడి వేలి కణుపు దగ్గర కాస్త ఆగి ఎక్కడం కూడా చూశాను. నా పక్కన పెద్దావిడ నాలుక ఆడిస్తూ ఇక్కడి పెళ్ళిళ్ళలో వేసే కేక ఒకటి వేసింది, బఫే అంతా తిరిగి చూసింది. "ఏంటే అది, ఓడ హారనా?" అంది అమ్మ.

ఖర్జూరాలు తింటూ, గెలిచానన్న గర్వంతో కూర్చున్నాను. అప్పుడొచ్చింది కొత్త నంబరు నుంచి మెసేజు.

"వదినగారూ, నేను జ్యోతిని. మీ ఓడకేం కాలేదు. మీ తమ్ముడుగారి ఫోన్లో ఇవాళ్టి డేటా అయిపోయింది. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు స్క్రీన్ మీద మెసేజు చూసి నా ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చాను. పొద్దున్నుంచీ ఆయన డేటా అంతా ఎవరు వాడేశారో మాత్రం తెలీలేదండీ."

చూశారా! ఇండియాలో రోజుకింత డేటా అని కోటా కదా, అయిపోతే మళ్ళీ అర్ధరాత్రి దాటాకే. ఓడలో వైఫై కోసం ఆ సముద్రమంత రీసెర్చి చేసిన నేను, అవతలి ఫోన్లో ఎంతుందో ఒక్కసారి అడగలేదు. అడక్కపోగా చుక్క మిగల్చకుండా ట్రయల్స్‌కే తాగేశాను. గాజులకింత, చీరకింత, బిర్యానీ ఉప్పుకింత!

ఎస్తేరు కాళ్ళు పట్టుకున్నంత పని చేసి, వైఫై పాస్‌వర్డు రాసిచ్చాను. దిగేదాకా రీళ్ళు పెడుతూనే ఉంది, అన్నిట్లోనూ వెనకాల నేను తలొంచుకుని కనబడతాను.

అక్కడితో అయిపోలేదండీ. ఆదివారం చర్చిలో మా అమ్మ లేచి సాక్ష్యం చెప్పేసిందట, ప్రార్థన చేస్తే నడిసముద్రంలో ఓడకి సిగ్నల్ వచ్చిందని. పెళ్ళికెళ్ళినప్పుడు నేనూ నిలబడి చెప్పాలట! నిజం తెలిసింది జ్యోతికీ, నాకూ, ఎస్తేరుకీ, ఇప్పుడు మీకూ. ఆడపడుచునై పుట్టి, పెళ్ళికి ముందే మరదలి చేతికి ఇలా చిక్కినదాన్ని నన్నే చూస్తున్నాను.

నిన్న జ్యోతి వాళ్ళమ్మగారు ఫోన్ చేశారు. పాపం, ఎంత మర్యాదో! "అమ్మా, పెద్దాడపడుచువి, మొహమాటపడకు. ఆడపడుచు లాంఛనం ఏం పెట్టమంటావో నోరు తెరిచి అడుగు" అన్నారు.

"వద్దండీ, ప్రధానం నాడే ముట్టింది" అన్నాను.

వెనకాల నుంచి జ్యోతికి ఒకటే దగ్గు.