పెరియనాయగి తెలుగులో చెప్పిన లెక్క

పెరియనాయగికి నలభై రెండేళ్లు. తమిళనాడులో కోవిల్‌పట్టి దగ్గర నల్లరేగడి పల్లెలో, తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టి, ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చదివి, ఇప్పుడు విరుదునగర్‌లో ఒక గదిలో ఒంటరిగా ఉంటోంది. ఫోన్లో పిల్లల సందేహాలు తీర్చే ట్యూషన్ కంపెనీలో ఉద్యోగం. రాయి పడే లెక్కలు, బండి ఆగే లెక్కలు వస్తూనే ఉంటాయి. జవాబు అందగానే పిల్లల పేరు తెర మీద నుంచి పోతుంది. రోజుకు నలభై మందితో మాట్లాడినా, అన్నం తిన్నావా అని అడిగేవాళ్లు ఒక్కరూ ఉండరు.

ఇంటి తెలుగు మాట్లాడడానికి మిగిలిన ఒక్క మనిషి, తల్లి గురువమ్మాళ్, రెండేళ్ల కిందట పోయింది. ఇక వీధిలో తమిళం, పనిలో ఇంగ్లీషు.

ఒక మధ్యాహ్నం నంద్యాల నుంచి హిమజ అనే తొమ్మిదో తరగతి పిల్ల ఫోన్ చేసింది. ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పి, "అబ్బా, ఎట్లా అడగాలిది" అని తనలో తాను గొణుక్కుంది.

"తెలుగులోనే అడుగు పాపా" అంది పెరియనాయగి. అన్నాక తనే ఉలిక్కిపడింది.

బంతిని సెకనుకు ఇరవై మీటర్ల వేగంతో నిటారుగా పైకి విసిరారు. ఎంత ఎత్తుకు పోతుంది? ఇరవై మీటర్లని పిల్ల సరిగ్గానే తేల్చింది. చిక్కు వేరే ఉంది.

"పైన ఒక్క క్షణం ఆగుతుంది కదా మేడం. అప్పుడు గురుత్వాకర్షణ ఉండదా?"

ఆ పెద్ద మాట పెరియనాయగి ఎన్నడూ వినలేదు. లెక్కను బట్టి పోల్చుకుంది.

"బూమి లాగేది అడగతా ఉండావా?"

"అదే మేడం."

"లాగేది నిలిస్తే బంతి యాల కిందికి వస్తాది? ఆడనే ఉండిపోవును గదా! వేగం తీరిపోయింది, లాగేది తీరలా. సెకనుకు పది మీటరు వేగం తగ్గిస్తా వచ్చింది, మింద సున్న అయింది. మళ్లా అదే లాగుడు కిందికి పది పది పెంచతాది. నువ్వు విసిరిన ఎనర్జీ అంతా మింద ఎత్తుగా మారి ఉండాది. దిగేటప్పుడు తిరిగి వేగం అవుతాది. సరిదానా?"

అవతల నవ్వు వినిపించింది. "అర్థమైంది మేడం! పోను రెండు, రాను రెండు, నాలుగు సెకన్లు. మీది ఏ ఊరు మేడం?"

చెప్పేలోపే సమయం అయిపోయి కాల్ తెగింది.

సాయంత్రానికి పిల్ల రాసిన రెండు వరుసలు కంపెనీ నుంచి వచ్చాయి, తెలుగు లిపిలో. పెరియనాయగికి ఆ అక్షరాలు రావు. ఫోన్ చేతే చదివించుకోవచ్చు. కానీ మనిషి నోట వినాలనిపించింది. మిరపకాయల గోడౌన్ల వీధికి నడిచి, గుంటూరు నుంచి వచ్చిన లారీ డ్రైవర్‌ను అడిగింది.

"అయ్యా, ఇది రవ్వంత చదివి చెప్తారా?"

అతను కళ్లు చికిలించి చదివాడు. "మేడం మా జేజి మాట్లాడినట్టే మాట్లాడతారు. జేజి ఇప్పుడు లేదు. రేపు కూడా నాకు ఈ మేడమే కావాలి." ఫోన్ తిరిగిస్తూ, "జేజి అంటే నాయనమ్మ. మీరు తెలుగోళ్లేనా అమ్మా? ఇంట్లో అందరూ ఇట్లానే మాట్లాడతారా?" అన్నాడు.

"ఇంట్లో ఎవురూ లేరయ్యా."

రెండేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. "టీ తాగి వెళ్లండమ్మా" అన్నాడు డ్రైవర్. ఆమె నిలబడే తాగింది. ఇంకో నాలుగు మాటలు ఆడాలనుకుంది గానీ, హమాలీలు కేకేస్తే అతను వెళ్లిపోయాడు.

హిమజ మళ్లీ కలవలేదు. తెలుగు పిల్లలు ఎవరొచ్చినా తనకే పంపమని పెరియనాయగి కంపెనీని అడిగింది. వాళ్లు ఒప్పుకున్నారు. కొన్ని రోజులు ఒకరిద్దరు వస్తారు. కొన్ని వారాలు ఎవరూ రారు.