నీడ ఇంటి బిళ్లల పలక

తాతారావు గారు ముప్పై నాలుగేళ్లపాటు మనుషులను అంకెలతోనే గుర్తించారు. బెంగాలులోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు గేటు పక్కన, టైమ్ ఆఫీసు కిటికీ వెనుక ఆయన కుర్చీ ఉండేది. కిటికీకి ఎదురుగా పొడవైన చెక్క పలకలు, వాటి మీద వరుసగా మేకులు, ఒక్కొక్క మేకుకు అంకె చెక్కిన ఒక ఇత్తడి బిళ్ల. ఉదయం సైరను మోగేలోగా వచ్చినవాడు తన బిళ్ల తీసుకుని లోపలికి పోతాడు. సైరను ఆగిన తరువాత పలక మీద మిగిలిన బిళ్ల రానివాడిది. ఆ మిగిలిన అంకెలను పుస్తకంలోకి ఎక్కించడమే తాతారావు గారి ఉద్యోగం. ఊళ్లో అందరూ ఆయనను టోకెన్ బాబు అనేవారు. ఆయన కూడా బజారులో ఎవరైనా ఎదురుపడితే, "ఏమయ్యా, పదకొండు వందల ఆరూ! కులాసాయేనా?" అని పలకరించేవారు. అవతలి మనిషి నవ్వి చేతులు జోడించేవాడు. అన్ని వేల మందిలో తన అంకె ఒకరికి గుర్తుండడం అతనికీ సంతోషమే.

1961లో ఆయన ఉద్యోగ విరమణ చేసి, క్వార్టరు ఖాళీచేసి, గోల్‌బజార్ వెనుక రెండు గదుల అద్దె ఇంట్లో చేరారు. భార్య అప్పటికే లేరు. ఒక్కగానొక్క కుమార్తె వరలక్ష్మి విజయనగరంలో కాపురం ఉండేది. తన దగ్గరికి వచ్చేయమని ఆమె నెలకొక ఉత్తరం రాసేది. "వస్తాను, వస్తాను" అని ఆయన నెలకొక జవాబు రాసేవారు.

రైల్వే ఊళ్లో ఇల్లు ఉద్యోగంతో వస్తుంది, ఉద్యోగంతోనే పోతుంది. మనిషి విరమణ చేసినా, కన్నుమూసినా గడువులోగా క్వార్టరు వదలాలి. కొందరు శ్రీకాకుళం వైపు తమ పల్లెలకు తిరిగి వెళ్లేవారు. తాతల కాలంలోనే పల్లె విడిచిపెట్టి వచ్చినవారికి అక్కడ పిలిచి అన్నం పెట్టేవారు మిగలలేదు, ఇక్కడ వేసుకోవడానికి తలుపు లేదు. అటువంటివారు స్టేషను వరండాలోనో, ఎవరి క్వార్టరు వెనుకనో నాలుగు రేకుల చాటున తలదాచుకునేవారు. తాతారావు గారు వారిని రోజూ చూసేవారు. చూసి, ఒకనాడు నేరుగా గోల్‌బజార్‌లోని బట్టల వ్యాపారి కోటిలింగం గారి కొట్టుకు వెళ్లారు.

"కోటిలింగం గారూ, మీ పాత గిడ్డంగిలో ఇప్పుడేముంది?"

"ఎలుకలున్నాయండీ. కావాలా?"

"ఎలుకలను మీరే ఉంచుకోండి. గిడ్డంగి ఇవ్వండి."

అలా 1962లో నీడ ఇల్లు ప్రారంభమైంది. తాతారావు గారు అధ్యక్షులు. కోటిలింగం గారు కమిటీ సభ్యులు. తెలుగు బడిలో పాఠాలు చెప్పుకునే నన్ను సమావేశాల వివరాలు రాయమన్నారు. వంట, ఇంటి సంరక్షణ రత్నం చూసుకునేది. నలభై ఏళ్ల మనిషి, చేయి ఎంత చురుకో నోరూ అంతే. గిడ్డంగిలో పద్దెనిమిది మందికి చోటు. ముందువైపు సన్నని చూరు కింద ఒక అరుగు.

మొదటి ఏడాది ప్రతి సాయంత్రం తోపులాటే. పద్దెనిమిది చోట్లకు ముప్పై మంది వచ్చేవారు. కండ ఉన్నవాడు ముందుగా దుప్పటి పరిచేవాడు, ముసలివాడు వానలో నిలబడేవాడు. కమిటీవారి మనుషులకే చోట్లన్న పుకారు కూడా పుట్టింది. తాతారావు గారు పదిరోజులు ఆలోచించి, తనకు తెలిసిన న్యాయాన్ని తెచ్చిపెట్టారు. నూనె డబ్బాల రేకును గుండ్రంగా కత్తిరించి, ఒకటి నుంచి పద్దెనిమిది వరకు అంకెలు కొట్టి, గుమ్మం పక్కన ఒక పలకకు మేకులు దిగ్గొట్టారు. పొద్దున బయటికి పోయేటప్పుడు బిళ్ల తగిలించాలి. సాయంత్రం వర్క్‌షాపు సైరను లోగా వచ్చి తీసుకోవాలి. సైరను ఆగాక పలక మీద బిళ్ల మిగిలితే, ఆ చోటు ఆ పూటకు బయట వేచి ఉన్నవారిది. కోటిలింగం గారి బావమరిది పంపిన మనిషి బిళ్ల లేకుండా లోపలికి రాబోతే, తాతారావు గారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. ఆ తరువాత కోటిలింగం గారు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. కాని తోపులాట ఆగిపోయింది.

1965 వానాకాలంలో పోలమ్మ వచ్చింది. అరవై ఏళ్లు ఉంటాయి. భర్త దేముడు వర్క్‌షాపులో సమ్మెట కొట్టేవాడు. ఆయన పోయాక పిల్లలు లేని ఆ మనిషి, ఆరేళ్లుగా ఒక బంధువు క్వార్టరు వరండాలో ఉంటూ, బజారు కొట్లకు చింతపండు గింజలు తీసిపెట్టి బతికింది. ఆ బంధువూ విరమణ చేసి పల్లెకు వెళ్లిపోయాడు.

తాతారావు గారు పన్నెండో బిళ్ల ఆమెకు అందించారు. "ఇదిగో, ఇదే నీ మేకు. సాయంత్రం తీసుకో, పొద్దున తగిలించు."

పోలమ్మ చేయి చాచలేదు. పలక వైపు చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"నాకొద్దు బాబూ."

"చోటు వద్దా?"

"సోటు కావాలి. బిళ్ల వద్దు."

"బిళ్ల లేనిదే చోటు లేదమ్మా."

"అయితే ఈ అరుగు మీద ఉంటాను. అరుక్కి నంబరేటీ లేదు గదా?"

వంటింట్లో నుంచి రత్నం తల బయటపెట్టింది. "ఏటత్తా, అదేటి పామా, తేలా? రేకు ముక్కే గదా, తీసుకో!"

"నువ్వు కూర సూసుకోయే, మాడిపోతంది."

కూర నిజంగానే మాడింది. పన్నెండో చోటు ఆ సాయంత్రమే మరొకరికి వెళ్లింది.

పోలమ్మ అరుగు మీదే ఉండిపోయింది. పొద్దున్నే వాకిలి ఊడ్చేది, రత్నానికి బియ్యంలో రాళ్లు ఏరిపెట్టేది, పని చేయకుండా ముద్ద ముట్టేది కాదు. చూరు సన్నం కావడం వల్ల వాన జల్లు ఆమె చాప మీదికే కొట్టేది. శ్రావణమాసం వచ్చేసరికి దగ్గు పట్టుకుంది, వెనుకనే జ్వరం వచ్చింది. ఇలాగే తడిస్తే ఈ వానలు దాటదని మందు ఇచ్చిన కాంపౌండరు చెప్పి వెళ్లాడు.

ఆదివారం ఉదయం కమిటీ కూర్చుంది. కోటిలింగం గారే మొదలుపెట్టారు.

"తాతారావు గారూ, ఆవిడ దగ్గు మా కొట్టు దాకా వినిపిస్తోందండీ. లోపలికి రానివ్వండి. ఒక్క మనిషికి బిళ్ల లేకపోతే కొంప మునిగిపోతుందా?"

"మునుగుతుంది. పోలమ్మను రానిస్తే, మీ బావమరిది మనిషిని నేనెందుకు వెనక్కి పంపినట్టు?"

"అది వేరండీ."

"ఎలా వేరో చెప్పండి."

గోడకు ఆనుకుని కూర్చున్న వెంకటరావు గొంతు సవరించుకున్నాడు. స్టేషనులో కూలీ పని చేస్తూ కాలు పోగొట్టుకున్న మనిషి, పదిహేనో చోటువాడు.

"పలక తీస్తామంటే మాత్రం నేనొప్పుకోను బాబూ. పలక లేనప్పుడు నా దుప్పటి ఎన్నిసార్లు వానలోకి ఇసిరేసినారో ఈ రత్నాన్నడగండి. నా కాలు సూసి ఎవుడు దారిచ్చినాడు? ఆ పదిహేనో మేకే ఇచ్చింది."

కోటిలింగం గారి మాటా, వెంకటరావు మాటా పుస్తకంలో రాశాను. ఏ ఒక్కదాన్నీ కొట్టివేయడానికి నాకు కారణం దొరకలేదు.

రెండు రోజుల తరువాత, మధ్యాహ్నం వాన కొంచెం తెరిపి ఇచ్చినప్పుడు, తాతారావు గారు రేకు బిళ్ల చేతిలో పట్టుకుని వెళ్లి అరుగు మీద పోలమ్మకు ఎదురుగా కూర్చున్నారు. నేను గుమ్మం లోపల ఉన్నాను.

"ఏమిటమ్మా ఈ పంతం? ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?"

పోలమ్మ కొంతసేపు దగ్గింది. తరువాత అడిగింది.

"బాబూ, నా మనిసి నంబరు మీకు గురుతుందా? దేముడు. కమ్మరి షాపు."

"రెండు వేల నూట నలభై ఏడు," అన్నారు ఆయన, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా. "మూడో పలక, కింది వరుస. యాభై తొమ్మిదిలో పోయాడు." చెబుతున్నప్పుడు ఆయన గొంతులో కొంచెం గర్వం ఉంది.

"నన్ను గురుతుందా?"

తాతారావు గారు ఆమె ముఖంలోకి చూశారు. చాలాసేపు చూశారు.

"లేదమ్మా."

"ఆసుపత్రిలో తెల్లారగట్ల పేణం పోయింది. అట్నించటే మీ కిటికీ కాడికి పరిగెత్తుకొచ్చినాను. ఆడి బిళ్ల ఏలాడతంది. తీసేయండి బాబూ, ఆడింక రాడు, అన్నాను. మీరు తలెత్తలేదు. కాగితం రావాలమ్మా, అన్నారు. ఆడు కాష్టంలో కాలిపోయినాక గూడా, పొరుగోలు డ్యూటీ దిగొచ్చి సెప్పేవోరు, ఇంకా ఏలాడతందే పోలీ, అని. మూడు రోజులు. ఒక్క పూట నాగా పెట్టినోడు కాదు బాబూ నా మనిసి. మీ పుస్తకంలో మూడు నాగాలెట్టి పోయినాడు." ఆమె పలక వైపు చేయి చూపించింది. "ఇప్పుడు నన్ను గూడా పొద్దున్నే అక్కడ ఏలాడదీసి పొమ్మంటన్నారు."

తాతారావు గారు గుప్పిలి మూసుకున్నారు. ఆ పూట భోజనానికి కూర్చోకుండానే ఇంటికి వెళ్లిపోయారు.

మర్నాడు బడి విడిచేవేళకు వచ్చి నన్ను అడిగారు. "టీచరమ్మా, పిల్లలు వచ్చారో లేదో మీకెలా తెలుస్తుంది?"

"పేరు పిలుస్తాను. పలుకుతారు."

"పలకకపోతే?"

"పక్కనున్న పిల్లను అడుగుతాను. జ్వరమో, ఊరెళ్లిందో చెబుతుంది."

"అడుగుతారా!" అన్నారు ఆయన. అడిగే వీలు ఒకటి ఉందని అప్పుడే తెలిసినట్టు ఉంది ఆయన ముఖం.

నీడ ఇంట్లో ఉన్న పద్దెనిమిది మందిలో ఆయనకు పేరుతో తెలిసినవారు నలుగురు. మిగిలిన పేర్లు నా దగ్గర రాయించుకుని, మూడు రోజులు పిల్లవాడిలా వల్లెవేశారు. నాలుగో రోజు పటకారుతో మేకులు పీకుతుంటే వెంకటరావు కర్ర ఊతతో వచ్చి అడ్డంగా నిలుచున్నాడు.

"నా మేకు ముట్టుకోకండి బాబూ."

"నీ చోటు నీదే వెంకటరావూ. సైరను సైరనే, వరుస వరుసే. మేకుకు బదులు రోజూ గుమ్మం దగ్గర నేనుంటాను."

"ఎన్నాళ్లుంటారు? మేకు ఊరెళ్లదు గదా!"

తాతారావు గారు పటకారు కింద పెట్టారు.

"నేనూ వెళ్లను," అన్నారు.

ఆ రోజే విజయనగరానికి ఉత్తరం రాశారు. ఈసారి "వస్తాను" అన్న మాట అందులో లేదు.

ఆ వారమే పన్నెండో చోటులోని మనిషి టాటానగరులో కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం సైరను ఆగగానే తాతారావు గారు గుమ్మంలో పీట వేసుకుని పేర్లు పిలవడం మొదలుపెట్టారు. రెండు పేర్ల దగ్గర తడబడ్డారు, అందరూ నవ్వారు, ఆయన దిద్దుకున్నారు. పన్నెండో పేరు దగ్గర, "పోలమ్మ" అని పిలిచి ఆగారు. అరుగు మీద నుంచి జవాబు లేదు. వరుస ప్రకారం ఆ పూటకు చోటు బయట ఉన్న మరొక ముసలామెకు ఇచ్చారు. రెండో సాయంత్రం కూడా అదే జరిగింది. లోపల పడుకున్నవాళ్లంతా ఆమె దగ్గు వింటూనే ఉన్నారు. తాతారావు గారు మాత్రం నియమం తప్పలేదు.

మూడో సాయంత్రం పిలిచి, ఆగి, మళ్లీ పిలిచారు.

"కమ్మరి షాపు దేముడు గారి భార్య, పోలమ్మ గారు."

సమ్మెట కొట్టేవాడిని ఆయన 'గారు' అనడం ఆ ఊళ్లో ఎవరూ విని ఉండరు. లోపల అందరూ మాటలు ఆపారు. పోలమ్మ చాప చుట్టుకుని, గోడ పట్టుకుని లేచి గుమ్మం దాకా వచ్చింది.

"ఉన్నాను బాబూ." గడప ముందే ఆగింది. "ఆ మూడు నాగాలూ కొట్టేయగలరా?"

"ఆ పుస్తకం ఇప్పుడు నా చేతిలో లేదమ్మా." ఆయన పీట మీద నుంచి లేచారు. "అవి నేను రాసినవి. తప్పు రాశాను."

పోలమ్మ ఆయన ముఖంలోకి చూసి తల ఊపింది. "రాసినోరే సెప్పినారు. సాల్లెండి." గడప దాటి లోపలికి వెళ్లింది. రత్నం పొడి చీర ఒకటి పట్టుకుని ఎదురువచ్చింది. తాతారావు గారు కూర్చుని పదమూడో పేరు పిలిచారు.

పోలమ్మ ఆ వానలు దాటింది, ఆ తరువాత మరికొన్ని వానలు కూడా. పలకను రత్నం నీళ్ల కుండ మీద మూతగా వేసుకుంది. పిలిచిన పేరుకు ఎవరూ పలకకపోతే తాతారావు గారు పక్కవారిని అడిగేవారు. వారికీ తెలియకపోతే, గొడుగు పట్టుకుని స్టేషను వైపు వెళ్లి చూసి వచ్చేవారు. 1974లో మంచం పట్టేదాకా, తొమ్మిదేళ్లు, ఆయన విజయనగరం వెళ్లలేదు. వరలక్ష్మే ఏడాదికొకసారి పిల్లలతో వచ్చి చూసి వెళ్లేది.

వెంకటరావు మాత్రం ఆ తొమ్మిదేళ్లలో ఒక్క సాయంత్రం కూడా తన పేరుకు వెంటనే పలకలేదు. ముందు గోడ దగ్గర నుంచి, "మేకు ఉందా?" అని కేక వేసేవాడు.

"ఉంది," అనేవారు తాతారావు గారు.

"అయితే నేనూ ఉన్నాను," అనేవాడు.